నోటు చించితే బాకీ ఎక్కడికి పోతుంది?

మా తాత ప్రామిసరీ నోట్లను ట్రంకుపెట్టె అడుగున, పెళ్లినాటి పంచె మడతల్లో దాచేవాడు. ఆయనేమీ షావుకారు కాదు. వర్ధన్నపేట దగ్గర కొంచెం చెలక, ఒక జత ఎద్దులు, అంతే. చేతిలో నాలుగు పైసలు ఆడుతున్నాయని తెలిస్తే ఎవరో ఒకరు అవసరమంటూ వచ్చేవారు, ఈయన కాదనలేకపోయేవాడు. నోటు మీద రెవెన్యూ స్టాంపు, సగం స్టాంపు మీదా సగం కాగితం మీదా పడేలా వేలిముద్ర. బాకీలో కొంత ముట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాసేవాడు.

ఒక యేడు పత్తి ఏరే వేళకు ముసురు పట్టింది. పగిలిన కాయ పగిలినట్టే నల్లబడిపోయింది. తాత దగ్గర అప్పు తీసుకున్న ఒకాయన, వరసకు తమ్ముడయ్యేవాడు, పొద్దున్నే వచ్చి అరుగు మీద కూచోకుండా కింద వాకిట్లో కూచున్నాడు. ‘అన్నా, ఇగ నాతోని కాదే’ అన్నాడు. తాత లోపలికి పోయి నోటు తెచ్చి, ఆయన చూస్తుండగానే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించాడు. తలుపు చాటు నుంచి నాయనమ్మ ‘మరి మన సంగతేంది?’ అంది. తాత జవాబు చెప్పలేదు. మళ్లీ దుక్కులు మొదలయ్యేనాటికి మా కొట్టంలో ఒకటే ఎద్దు ఉంది. రెండోది అంగట్లో అమ్ముడుపోయింది.

చిన్నప్పుడు నాకు చిరిగిన నోటే గుర్తుండేది. పెద్దయ్యాక ఎద్దు గుర్తుకు రావడం మొదలైంది. పాపక్షమాపణ అనే మాటతో క్రైస్తవులు ఏం చెబుతున్నారో తెలియాలంటే రెండూ గుర్తుండాలి. నోటు చిరిగితే బాకీ గాలిలో కలవదు. తీసుకున్నవాడి నెత్తి మీంచి దిగి, ఇచ్చినవాడి నెత్తికెక్కుతుంది.

మన వైపు రైతుకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల వరకు పంటరుణాల మాఫీని జూలై 18న మొదలుపెట్టి, ఆగస్టు 15 దాకా మూడు విడతలుగా ప్రకటించింది. బ్యాంకువాళ్లు ఊరకే పుస్తకంలో గీత కొట్టేయలేదు. ఖజానా నుంచి సొమ్ము వచ్చి రైతు ఖాతాలో జమయ్యాకే ఆ బాకీ చెల్లయింది. మాఫీ అన్న ప్రతిచోటా ఎవరో ఒకరు కడతారు. ఎవరు కట్టారు, ఎంతకు కట్టారు అన్నదే అసలు సంగతి. క్రైస్తవ విశ్వాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుందని నేను నమ్ముతాను.

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద, వర్ధన్నపేటకు ఇటూ అటూ ఉన్న ఊళ్లలో, చర్చి గోడల మీద ‘రక్షణ’, ‘కృప’, ‘పాపక్షమాపణ’ అన్న మాటలు బస్సులోంచే కనబడతాయి. చదివినవాళ్లలో కొందరికి ఒక అనుమానం ఉండిపోతుంది. నన్ను నేరుగా అడిగినవాళ్లున్నారు. ‘మీ దగ్గర ఒక్కసారి తప్పయిందంటే చాలట గదా, అన్నీ మాఫట. మరి వాని చేతిల మోసపోయినోని సంగతేంది?’ అని. మా నాయనమ్మ అడిగిన ప్రశ్నే అది. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ఎన్ని సువార్త సభలు పెట్టినా వినేవాడి మనసు కుదుటపడదు.

ముందు పాపం అన్న మాట చూద్దాం. తెలుగులో ఈ మాట రెండు వైపులకూ పోతుంది. ‘పాపం చేశాడు’ అంటే తప్పు పట్టడం. ‘అయ్యో పాపం’ అంటే జాలిపడటం. బైబిలు చూపించే పాపి మీద ఈ రెండు మాటలూ అతుకుతాయి. అతను తప్పు చేసినవాడు, జబ్బుపడినవాడు కూడా. పాపుల ఇళ్లలో భోంచేస్తున్నాడని తనను ఆడిపోసుకున్నవాళ్లకు యేసు ఇచ్చిన జవాబు ఇదే: వైద్యుడు కావలసింది రోగికి గానీ ఒంట్లో బాగున్నవాడికి కాదని.

దావీదు పేరున ఉన్న 32వ కీర్తనలో మూడు మాటలు పక్కపక్కన వస్తాయి: అతిక్రమం, పాపం, దోషం. అతిక్రమమంటే తెలిసి తెలిసి గెట్టు దాటడం. పక్కవాడి చెలకలోకి నాగలి పోనిచ్చి, గెట్టురాయి జరిపి, ఏమీ ఎరగనట్టు ఉండటం లాంటిది. పాపం అని మనం తెలుగు చేసుకున్న హీబ్రూ మాటకు మూలంలో గురి తప్పడమని అర్థం. దోషమంటే వంకరపోవడం. మొదటిది చేసే పని, మూడోది ఉండే తీరు. ఒకటి మానుకుంటే పోయేది, ఇంకొకటి మానుకున్నా పోనిది. ఆదిపాపం, జన్మపాపం అని సంఘాలు చెప్పేది ఈ మూడో దాని గురించే. నువ్వు పుట్టకముందు ఎవరో చేసిన నేరానికి నిన్ను జైల్లో పెట్టడం దాని భావం కాదు. వంకర తిరిగిన లోకంలో, వంకర తిరిగిన మనసుతో పుట్టామని చెప్పడం. దీన్ని ఎంత గట్టిగా చెప్పాలన్న దాని మీద తొలి శతాబ్దాల గురువు అగస్టీను కాలం నుంచీ సంఘాల మధ్య వాదం నడుస్తూనే ఉంది.

నాలుగో మాట ఒకటుంది, మన కథకు అదే ముఖ్యం. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకటే మాట, హోబా. అందుకే ఆయన నేర్పిన ప్రార్థన మత్తయి సువార్తలో ఋణాలను క్షమించమంటుంది, లూకా సువార్తలో పాపాలను క్షమించమంటుంది. గలిలయలో ఆ ప్రార్థన మొదట విన్నవాళ్లు అప్పుల పాలైన రైతులు, కూలివాళ్లు, జాలరులు. దేవుడికి బాకీపడ్డాం అంటే ఏమిటో వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన అవసరం ఉండి ఉండదు. మిత్తి కట్టీ కట్టీ నడుము వంగినవాడికి ఇవాళైనా ఉండదు.

ఒక అపోహను ఇక్కడే పక్కన పెట్టాలి. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని మనం అలవాటుగా అంటుంటాం. రేపు చెరువు కట్ట తెగి ఒకడి ఇల్లు మునిగితే, వాడు చేసిన పాపమే వాణ్ని ముంచిందని చెప్పేవాళ్లు చర్చిలోనూ ఉన్నారు, చర్చి బయటా ఉన్నారు. యేసు ఆ మాటను ఒప్పుకోలేదు. పుట్టుగుడ్డిని చూపించి ఇది ఇతని పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతా ఊరికంటే పాపిష్ఠివాళ్లని అనుకోవద్దన్నాడు. కష్టంలో ఉన్నవాడి ముందు నిలబడి అతని పాపాల లెక్క తీయడం క్రైస్తవ బోధ కాదు. ఎవరైనా అలా బోధిస్తే, ఎంత పెద్ద వేదిక మీద బోధించినా, అది తప్పే.

మరి దేవుని న్యాయం? బైబిల్లో ఈ మాట వినగానే చాలామందికి నరకాగ్ని గుర్తొస్తుంది. ఆమోసు ప్రవక్తకు గుర్తొచ్చింది తూకం. క్రీస్తుకు సుమారు ఏడున్నర శతాబ్దాల ముందు, ఇశ్రాయేలు వర్తకులు కొలపాత్ర చిన్నది చేసి, తూకపురాళ్లు మార్చి, తాలు గింజలు అమ్మి, చెప్పుల జతపాటి బాకీకి పేదవాణ్ని కొనేస్తున్నారని ఆయన అరిచాడు. పండుగలు చేయండి, పాటలు పాడండి, నాకేమీ వద్దు, న్యాయం మాత్రం నీళ్లలా పారనివ్వండని దేవుడంటున్నట్టు చెప్పాడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలి, కాంటా దగ్గర ముల్లునే చూస్తూ నిలబడిన రైతుకు ఆమోసు పరాయివాడు కాడు. దేవుడికి కోపం ఎందుకన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. ప్రేమించేవాడు కాబట్టే కోపం. కొడుకును ఎవరో కొడుతుంటే చూస్తూ నవ్వే తండ్రిని మనం శాంతమూర్తి అనం.

తెలుగు బైబిలు చేసినవాళ్లు ఈ చోట, తెలిసో తెలియకో, గొప్ప పని చేశారు. పౌలు రోమీయులకు రాసిన ఉత్తరంలో, దేవుడు పాపిని ఏం చేస్తాడో చెప్పే క్రియకు ‘నీతిమంతునిగా తీర్చు’ అని పెట్టారు. ఈ ‘తీర్చు’ అన్న మాటను కాస్త ఆగి చూడండి. తీర్పు అందులోంచే వచ్చింది. అప్పు తీర్చడమూ అదే. పిల్లవాణ్ని తీర్చిదిద్దడమూ అదే. న్యాయస్థానం, బాకీ పుస్తకం, తల్లి చేతిపని, మూడూ ఒక క్రియలో ఉన్నాయి. యూరప్ క్రైస్తవులను కొన్ని వందల ఏళ్లు రెండుగా చీల్చిన తగాదా అంతా ఈ మూడింటిలో ఏది ముందన్న దాని మీదే.

1517 అక్టోబరు 31న జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు ముందుకు తెచ్చాడు. పాపశిక్ష తగ్గుతుందంటూ ధనం తీసుకుని పత్రాలు ఇవ్వడాన్ని ప్రశ్నించాడు. కొన్నాళ్లకు అతని బోధ ఒక కొలిక్కి వచ్చింది: దేవుడు మొదట తీర్పు చెబుతాడు, నిర్దోషివని ప్రకటిస్తాడు, అది విశ్వాసంతో అందుకోవాలి, మంచి పనులు తర్వాత పండ్లలా వస్తాయి. 1547లో ట్రెంట్ మహాసభలో కతోలిక సంఘం వేరేగా చెప్పింది: దేవుడు ఊరికే నీతిమంతుడివని ప్రకటించి వదిలేయడు, లోపల నిజంగా మారుస్తాడు, తీర్చిదిద్దుతాడు. ఈ రెండు మాటల మధ్య ఎన్ని యుద్ధాలు, ఎంత రక్తం. చివరకు 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి కూచుని, మూలవిషయంలో మా ఇద్దరిదీ ఒకటే నమ్మకమని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఆ సమాఖ్యలోదే. తీర్పూ తీర్చిదిద్దడమూ ఒకే మాట నుంచి పుట్టాయని తెలుగు తెలిసినవాడెవరైనా ఆ సభలో ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంటుంది.

మన వైపు ఈ భేదాలు ఆచారాల్లో కనిపిస్తాయి. హనుమకొండలో 1879 నుంచి అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. బాప్టిస్టుల దగ్గర మారుమనస్సు పొందాను అని నలుగురిలో సాక్ష్యం చెప్పి, నీళ్లలో పూర్తిగా మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. 1952లో వరంగల్ కతోలిక మేత్రాసనం ఏర్పడింది, కాజీపేట ఫాతిమానగర్‌లో దాని కతీడ్రల్ ఉంది. కతోలికుల దగ్గర పాపసంకీర్తనం ఉంది. మనిషి గురువు ముందు మోకరించి, చేసిన తప్పును తన నోటితో, తప్పు పేరు పెట్టి చెప్పాలి. గురువు దేవుని పేరట మన్నింపు పలుకుతాడు, చేయాల్సిన ప్రాయశ్చిత్తం చెబుతాడు. విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. ‘చేసిన పాపం చెబితే పోతుంది’ అని మన పెద్దలు ఏ చర్చికీ పోకుండానే అన్నారు. చెప్పడం ఎంత కష్టమో చెప్పబోయినవాడికే తెలుస్తుంది. ‘తప్పులు జరిగాయి’ అనడం తేలిక. ‘తమ్ముడి వాటా కాగితం నేను దాచాను’ అనాలంటే గొంతు పెగలదు.

ఇప్పుడు సిలువ దగ్గరికి వద్దాం. శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మన చర్చిల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద వరసగా ప్రసంగాలు నడుస్తాయి. ఎండ మండిపోతుంటుంది. తెల్లచీరల ఆడవాళ్లు, ఉపవాసంతో వాడిన మొహాలు, తిరిగీ తిరగనట్టున్న ఫ్యాన్లు. మొదటి మాటే తనకు మేకులు కొడుతున్నవాళ్లను మన్నించమని తండ్రిని వేడుకోవడం. దాని మీద మాట్లాడే బోధకుడు సాధారణంగా ఒక కథ చెబుతాడు: న్యాయమూర్తి శిక్ష వేశాడు, తర్వాత గద్దె దిగి వచ్చి ఆ జరిమానా తానే కట్టాడని. కథ బాగానే ఉంటుంది. కానీ వినేవాళ్లలో ఆలోచించే పిల్ల ఒకతి లేచి, జరిమానా అంటే వేరేవాళ్లు కట్టొచ్చు, ఉరిశిక్ష ఒకరికి బదులు ఇంకొకరికి వేస్తారా అని అడిగితే? ఏ కోర్టూ వేయదు. నిర్దోషిని శిక్షించి దోషిని వదిలితే అది న్యాయం కాదు, రెండు అన్యాయాలు.

ఈ ప్రశ్నను దాటవేయకూడదు. కోపంతో ఉన్న దేవుడు ఒకడు, ఆయన చేతిలో దెబ్బలు తిన్న అమాయకుడు ఇంకొకడు అన్నట్టు చెప్పే ప్రసంగాలు వింటే నా ప్రాణం విలవిల్లాడుతుంది. బైబిలు చెప్పేది అది కాదు. క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నది దేవుడే అని పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే అప్పు ఇచ్చినవాడూ, నోటు చించినవాడూ, ఎద్దును అమ్ముకున్నవాడూ ఒక్కడే. మధ్యలో మూడోమనిషిని తెచ్చి కట్టించలేదు. కొలొస్సయులకు రాసిన ఉత్తరంలో అదే పౌలు, మన మీద రాసి ఉన్న బాకీ పత్రంలోని చేవ్రాతను దేవుడు తుడిచేసి, ఆ పత్రాన్ని సిలువకు మేకులతో కొట్టాడని పోలిక చెబుతాడు. హెబ్రీయుల పత్రిక యేసును ‘పూటకాపు’ అంటుంది. జమానతు పడ్డవాడు అని మన మాట. ఒకడికి జమానతు ఉండి, వాడు ఎగ్గొడితే తన పొలం పోగొట్టుకున్నవాడు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాడు. యేసు తెలిసే ఆ సంతకం చేశాడని క్రైస్తవుల నమ్మకం.

ఈ మర్మాన్ని వివరించడానికి ఒకే దారి లేదు. ఇటలీలో పుట్టి ఇంగ్లండులో ఆర్చిబిషప్పు అయిన ఆన్సెల్ము, 1098 ప్రాంతంలో, మనిషి చెల్లించాల్సింది, కానీ దేవుడు తప్ప ఎవరూ చెల్లించలేనిది కాబట్టి దేవుడే మనిషయ్యాడని వాదించాడు. ఆయన తర్వాతి తరం అబెలార్డు, సిలువ మీద కనిపించిన ప్రేమ మన గుండెను కదిలించి మార్చడమే అసలు సంగతన్నాడు. తొలి శతాబ్దాల గురువులు దాన్ని చెర నుంచి విడిపించడంగా చూశారు. మా చర్చిలో పాత పెద్దలకు అర్థమైంది ఈ మూడోదే అనుకుంటాను. ఎందుకో చెబుతాను.

నిజాం కాలంలో తెలంగాణలో భగేలా అనేది ఉండేది. అప్పు తీసుకున్నవాడు దొర దగ్గర జీతానికి కుదరాలి. కూలి మిత్తికే చాలదు. అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో దేశమంతటికీ వచ్చింది గానీ, అప్పటికి ఎన్ని తరాలు కరిగిపోయాయో. మాల, మాదిగ వాడల నుంచి చర్చికి వచ్చిన మొదటి తరంలో చాలామంది ఆ బతుకు చూసినవాళ్లు. మార్కు సువార్తలో యేసు తన ప్రాణాన్ని అనేకులకు బదులుగా ‘విమోచన క్రయధనం’గా ఇస్తానన్నాడని పాస్టరు చదివినప్పుడు, వాళ్లకు కనిపించింది న్యాయస్థానం కాదు. దొర గడీ ముందు సొమ్ము పెట్టి, ‘వీణ్ని పంపించు’ అని అడిగే మనిషి. నిజాం పాలన ముగిసిన సెప్టెంబరు 17 వచ్చిందంటే విమోచన అన్న మాట మీద రాజకీయ సభల్లో ఎన్ని వాదాలో. ఆ మాటను అంతకు ముందే ఆదివారం ఆదివారం ప్రార్థనలో పలికిన ముసలివాళ్లు మన ఊళ్లలో ఉండేవారు.

ఈ సందర్భంలో దోర్నకల్ బిషప్పు వి. ఎస్. అజరయ్యను తలచుకోకుండా ఉండలేను. తిరునల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని మన ప్రాంతానికి వచ్చాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. గుడి, మసీదు, చర్చి శిల్పాలు కలిసిన ఆయన కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అంతకుముందు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన తెల్లవాళ్ల ఎదుటే వాళ్ల తప్పు ఎత్తిచూపాడు. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, సమంగా పక్కన కూచోబెట్టుకోవడం మాత్రం చేయలేదు, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన చెప్పినదాని సారం. సంఘంలోకి కులాన్ని రానివ్వకూడదని కూడా అంతే గట్టిగా నిలబడ్డాడు. పాపమంటే తాగుడు, సినిమా, పేకాట అని సరిపెట్టుకున్న ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు అజరయ్య గుర్తొస్తాడు. కూలివాడి కూలి ఆపడం పాపం. ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి, బయట పెళ్లి మాట రాగానే కులం అడగడం పాపం. అణగారినవాణ్ని ‘నువ్వు పాపివి’ అని రోజూ అంటూ, అణచినవాడి పాపం పేరు ఎత్తని చర్చి ఆమోసును చదవలేదన్నమాటే.

ఇక మోసపోయినవాడి సంగతి. క్షమించాలి కాబట్టి కేసు పెట్టకూడదా?

1999 జనవరి 22 రాత్రి ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, బారిపదలో కుష్ఠురోగుల సేవ చేస్తున్న గ్రాహం స్టెయిన్స్‌ను, అతని కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. గ్రాహం భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పింది. ఆ మాట దేశమంతా విన్నది. దాని పక్కనే ఆమె అన్న ఇంకో సంగతిని తక్కువమంది పట్టించుకున్నారు: తాను క్షమించడం వేరు, చట్టం తన పని తాను చేయడం వేరు అని. కేసు నడిచింది. 2003లో ముఖ్య నిందితుడికి మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె పగను వదులుకుంది. కోర్టు చేతిలోని పనిని కోర్టుకే వదిలింది. పాలకుల చేతిలోని శిక్షాధికారం కూడా దేవుడిచ్చినదేనని పౌలు రోమీయులకు రాశాడు కాబట్టి, ఈ రెండూ ఒకే విశ్వాసంలో ఇముడుతాయి.

అందరికీ అలా న్యాయం దక్కదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. చనిపోయినవాళ్ల జాబితా చదివితే బైబిలు పేర్లు కంటబడతాయి. బాధితులు విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఆ ఇళ్లకు వెళ్లి ‘క్షమించండి’ అని చెప్పే హక్కు ఎవరికుంది? నాకు లేదు. తప్పు జరిగిందని ఒప్పుకునేవాడే లేనిచోట క్షమ మాట ఎత్తడం, నోటే లేదని బుకాయించేవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడం. దేవుని తీర్పు దినం ఉందన్న నమ్మకం అలాంటి ఇళ్లలో బెదిరింపు కాదు, ఆశ. మన చట్టంలో ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. దేవుని దగ్గర రక్తానికి కాలదోషం లేదు.

ఇంట్లోనూ అంతే. మొగుడి చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లను ‘క్షమించమ్మా, ప్రార్థన చేసుకో’ అని అదే ఇంటికి తిప్పి పంపే పెద్దలున్నారు. వాళ్లు క్షమ నేర్పడం లేదు. ఒకడి బాకీని బలహీనురాలి నెత్తికి ఎక్కిస్తున్నారు. క్షమించేవాడు తన ఇష్టంతో మోయాలి. బలవంతంగా మోయించేది క్షమ కాదు, వెట్టి.

క్షమ పొందినవాడి వైపు నుంచి కూడా బైబిలు గట్టిగానే అడుగుతుంది. దొంగిలించినది తిరిగి ఇచ్చి, మీద అయిదో వంతు కలపమని లేవీయకాండం. మేడిచెట్టెక్కిన పొట్టి జక్కయ్య కథ ఆదివారం బడి పిల్లలందరికీ వచ్చు. చెట్టు దిగాక ఏం చేశాడన్నది మాత్రం తక్కువగా చెబుతాం. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా గుంజినదానికి నాలుగింతలు యజమానికి. రక్షణ ఈ ఇంటికి వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్నాకే. అయితే జక్కయ్య ఆ సొమ్ముతో యేసు స్నేహాన్ని కొనలేదు. స్నేహం ముందే ఇంటికి భోజనానికి వచ్చింది. పైసలు తర్వాత కదిలాయి.

పేతురు ఒకసారి, తప్పు చేసిన సహోదరుణ్ని ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగాడు. ఏడు డెబ్బైల సార్లని యేసు జవాబు, అంటే లెక్క వదిలేయమని. వెంటనే ఒక కథ చెప్పాడు. రాజుకు ఒక దాసుడు పదివేల తలాంతులు బాకీ. ఒక తలాంతు ఆరువేల దేనారాలు, ఒక దేనారం ఒకరోజు కూలి. మొత్తం ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా తీరడానికి రెండు లక్షల ఏళ్లు. ‘ఓపిక పట్టండి, అంతా కట్టేస్తా’ అన్నాడు వాడు. కట్టలేడని రాజుకు తెలుసు. వదిలేశాడు. బయటికి వచ్చిన దాసుడు తనకు నూరు దేనారాలు బాకీపడ్డ తోటిదాసుడి గొంతు పట్టుకున్నాడు.

ఈ కథ చెప్పేటప్పుడు నూరు దేనారాలను చిల్లరలా తీసిపారేస్తుంటారు. అది చిల్లర కాదు. మూడు నెలలకు పైగా కూలి. కూలివాడి ఇంట్లో అంత సొమ్ము పోతే పిల్ల బడి మానేస్తుంది. యేసు దాన్ని కావాలనే అంత పెట్టాడనిపిస్తుంది. మనకు జరిగిన అన్యాయం నిజమైనదే, బరువైనదే, దాన్ని ఎవరూ కాదనడం లేదు. ఆ నొప్పిని గుర్తించకుండా క్షమించమనేవాడు కథ సరిగ్గా చదవలేదు. ఆ నూరు దేనారాలను మోయగలిగే బలం మాత్రం, మనకు వదిలేసిన ఆ రెండు లక్షల ఏళ్ల బాకీని తలచుకుంటేనే వస్తుంది. వేరే దారిన వస్తుందేమో, నేనైతే చూడలేదు.

మా తాత ఆ నోటు సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఒంటి ఎద్దుతో దుక్కి ఎలాగని నాయనమ్మ దిగులుపడుతుంటే, ఏరువాక నాటి తెల్లవారుజామున వాకిట్లో గంటల చప్పుడైంది. ఆ తమ్ముడాయన తన కొట్టంలో ఉన్న ఒక్క ఎద్దునూ తోలుకొచ్చాడు. మాట్లాడలేదు. మా ఎద్దు పక్కన కాడికి కట్టాడు. రెండు ఎద్దులూ ఒక ఎత్తువి కావు, కాడి ఒకవైపు వాలుతుంటే మోకు బిగించి సరిచేశాడు. తన చెలక ఇంకా బీడుగానే ఉంది. మొదటి సాలు మాదాంట్లో తీశాడు.